నీలం చిరుత ముందు అరగంట: అడవి జంతువు పెయింటింగ్‌ను అర్థం చేసుకోవడం ఎలా?

తిరుపతిలో మా పిన్ని వాళ్ల హాల్లో ఒక పెయింటింగ్ ఉంది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. అందులో ఒక చిరుత, అదీ నీలం రంగు చిరుత. పిన్ని కొడుకు ఏదో ఎగ్జిబిషన్‌లో చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. అప్పట్నుంచి ఆ ఇంటికి ఎవరొచ్చినా సోఫాలో కూర్చుని, కాఫీ గ్లాసు అందుకుని, తలెత్తి అదే మాట అంటారు: "బాగుంది గానీ, చిరుత నీలంగా ఉందేంటి?" ఒక పెద్దాయనైతే క్రూరమృగాల బొమ్మలు ఇంట్లో పెట్టుకోకూడదని అరగంట వాస్తు చెప్పి వెళ్లాడు. బొమ్మ వైపు మాత్రం అర నిమిషం కూడా చూడలేదు.

నేను స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. అందుకని "దీని అర్థమేందో నువ్వు చెప్పరా" అని పిన్ని నన్ను పట్టుకుంది. ఇలాంటి బొమ్మ మీ ఇంట్లోనో, బ్యాంకు గోడ మీదో, ఫోన్‌లోనో ఎదురైతే ఏం చేయాలో ఆ నీలం చిరుతనే పక్కన పెట్టుకుని చెప్తాను. సులువైన పనే, కాకపోతే ఓపిక కావాలి.

ముందుగా ఒక సంగతి. జంతువును గీసిన ప్రతి బొమ్మకూ ఈ తంతు అక్కర్లేదు. జహంగీర్ చక్రవర్తి దగ్గర ఉస్తాద్ మన్సూర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1621లో ఆస్థానానికి ఒక జీబ్రా వస్తే, ఆ చారలు ఎవరో రంగుతో వేశారని జనం అనుమానపడ్డారట. చక్రవర్తి పరీక్ష చేయించి, నిజమైన చారలేనని తేల్చుకున్నాడు. మన్సూర్ దాన్ని ఉన్నదున్నట్టు గీశాడు. అక్కడ చిత్రకారుడి పని సాక్ష్యం చెప్పడం. మనం మాట్లాడుకునేది రెండో రకం గురించి. అందులో చిత్రకారుడు జంతువును కావాలనే మారుస్తాడు. రంగు మారుస్తాడు, కాళ్లు సాగదీస్తాడు, కన్ను చెరిపేస్తాడు. తాను చెప్పదలచుకున్నదాన్ని ఆ మార్పుల్లోనే పెడతాడు. మార్పులను పట్టుకోగలిగితే బొమ్మ సగం అర్థమైనట్టే.

ముందు ఐదు నిమిషాలు నోరు మూసుకోండి

ఫోన్ జేబులో పెట్టేయండి. ఫొటో తీసుకుని తర్వాత చూద్దాంలే అనుకుంటే ఇక చూడరు. కింద చీటీ మీద రాసిన పేరు కూడా ఇప్పుడే చదవొద్దు. ఆ పేరు కళ్లకు గంతలు కట్టేస్తుంది.

మొదట పది అడుగుల దూరం నుంచి చూడండి. తర్వాత మీ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత జానెడు దూరంలోకి. ఈ మూడు చోట్లా బొమ్మ ఒకేలా ఉండదు. పిన్ని వాళ్ల చిరుత సోఫా దగ్గర నుంచి చూస్తే నిజంగానే చిరుత. దగ్గరికి వెళ్తే దాని కాళ్లు మోకాళ్ల దగ్గరే రంగులో కరిగిపోయి ఉంటాయి, పంజాలే లేవు. జానెడు దూరంలో అది జంతువే కాదు, ఎండిపోయిన రంగు గుట్టలు.

ఆ ఐదు నిమిషాల్లో మనసుకు తట్టిన మొదటి మాట ఒకటే ఒకటి కాగితం మీద రాసి, మడిచి పక్కన పెట్టండి. భయం, జాలి, చల్లదనం, ఏదైనా సరే. నేను 'ఒంటరి' అని రాసుకున్నాను. ఆ చీటీతో చివర్లో పని ఉంది.

వేలు పెట్టి చూపించలేనిది అనొద్దు

ఇప్పుడు బొమ్మలో ఏముందో లెక్క చెప్పండి. సామాన్ల జాబితా రాసినట్టు ఉండాలి. 'కోపంగా', 'గంభీరంగా', 'దీనంగా' లాంటి మాటలు ఇక్కడ నిషేధం. 'చిరుత కోపంగా ఉంది' అనకుండా 'చెవులు నిలబడి ఉన్నాయి, నోరు మూసి ఉంది' అనండి.

మా క్లాసులో ఒకసారి పులి బొమ్మ చూపించి ఏం కనబడుతోందని అడిగాను. ఒక అబ్బాయి చటుక్కున "ఆకలేస్తోంది సార్" అన్నాడు. ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. లేచి వచ్చి బొమ్మ అంతా వెతికాడు. డొక్క లోపలికి పోలేదు, పక్కటెముకలు కనబడటం లేదు, నోరు తెరవలేదు. పాపం, చివరికి వాడే "నాకే ఆకలేస్తోంది సార్" అని నవ్వేశాడు. అప్పుడు మధ్యాహ్న భోజనం గంటకు పది నిమిషాలుంది. మనలో చాలామంది బొమ్మను చదివే పద్ధతి ఇదే. కడుపులో ఉన్నది తీసుకెళ్లి కాన్వాస్ మీద పెడతాం. ఆ రోజు నుంచి నా క్లాసులో ఒకటే రూలు: ఏం చెప్పినా బొమ్మలో ఆ చోట వేలు పెట్టి చూపించాలి.

నీలం చిరుతకు నేను రాసుకున్న జాబితా ఇది. ఒళ్లంతా నీలం, వీపు దగ్గర ముదురు, పొట్ట దగ్గర లేత. మచ్చలు తుప్పు రంగు. తల మన వైపు తిరిగి కొంచెం వంగి ఉంది. చెవులు నిటారుగా ఉన్నాయి. ఒక కన్ను గుండ్రంగా, శ్రద్ధగా వేసింది. రెండోది బ్రష్‌తో ఒక్క గీత, అంతే. తోక కుడివైపు ఫ్రేమ్ దాటి బయటికి పోయింది. వెనకంతా బురద పసుపు. అడుగున బూడిద రంగులో మూడు అడ్డ పట్టీలు, వాటి మీద అక్కడక్కడా పసుపు, ఎరుపు చుక్కలు. ఎండుగడ్డి, రాలిన పూలు కాబోలు అనుకున్నాను.

జాబితా ఇరవై సంగతులు దాటేదాకా ఆపకండి. మొదటి పదీ అందరికీ కనబడతాయి. బొమ్మ తర్వాతి పదిలో ఉంటుంది.

అసలు జంతువును చూసి రండి

చిత్రకారుడు ఎక్కడ మార్చాడో తెలియాలంటే మార్చక ముందు ఎలా ఉంటుందో తెలియాలి కదా. ఈ విషయంలో మన తిరుపతి వాళ్లు అదృష్టవంతులు. శేషాచలం కొండల కింద శ్రీవేంకటేశ్వర జూ పార్కు 1987 నుంచి ఉంది. పిల్లలను తీసుకెళ్లి, గంటలో అన్ని ఎన్‌క్లోజర్లూ చుట్టేసి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తాం. ఈసారి అలా కాకుండా ఒక్క చిరుత దగ్గరే ముప్పావు గంట నిలబడి చూడండి.

చూడాల్సినవి కొన్ని చెప్తాను. ముందు కళ్లు. ఇంట్లో పిల్లికి వెలుతురులో కంటిపాప నిలువు చీలికలా సన్నబడుతుంది. పులికీ చిరుతకూ అలా కాదు, చిన్నదైనా గుండ్రంగానే ఉంటుంది. బొమ్మలో పులికి నిలువు చీలిక కళ్లు కనబడితే రెండే కారణాలు: ఆ చిత్రకారుడు పిల్లిని చూసి గీశాడు, లేదా పాము చూపు కావాలనే పెట్టాడు. తర్వాత చెవులు. బెదిరినా, మీదికి రాబోతున్నా చెవులు వెనక్కి, తలకు అంటుకుపోతాయి. ఏదో చప్పుడు పసిగట్టినప్పుడు నిటారుగా ముందుకు తిరుగుతాయి. ఇక నోరు. కోరలు కనబడితే గాండ్రింపు అనేసుకుంటాం. జూలో చూడండి, సగం సార్లు అది ఆవులింత. మచ్చల విషయానికొస్తే, చిరుత ఒంటి మీద ఉన్నవి ఉత్త చుక్కలు కావు. నడుము మీద పువ్వు రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి. కాళ్ల మీదా తల మీదా మాత్రం గట్టి చుక్కలు.

ఏనుగు బొమ్మైతే చెవులు విప్పుకుని ఉందా, ఒంటికి ఆనించి ఉందా చూడండి. కంటికీ చెవికీ నడుమ తడి చార గీసి ఉంటే అది కన్నీరు కాదు, మదం. ఆ చారను చూసి 'ఏనుగు ఏడుస్తోంది' అని కవిత్వం రాసినవాళ్లు నాకు తెలుసు.

జూలో ఇంకోటి కూడా గమనించండి. కొన్ని జంతువులు ఒకే దారిలో అటూ ఇటూ, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. బందిఖానా వల్ల పట్టుకునే అలవాటు అది. అడవి జంతువుల బొమ్మలు వేసిన పెద్ద చిత్రకారుల్లోనూ చాలామంది అడవిని చూడలేదు, జూలనే చూశారు. ఫ్రాన్సు చిత్రకారుడు దెలాక్రువా సింహాలనూ పులులనూ పారిస్‌లోని జంతుశాలలో చూసే నేర్చుకున్నాడు. అసలు జంతువునే చూడనివాళ్లూ ఉన్నారు. 1515లో మన గుజరాత్ సుల్తాను కానుకగా ఇచ్చిన ఒక ఖడ్గమృగం ఓడలో పోర్చుగల్‌లోని లిస్బన్ చేరింది. జర్మనీలో ఉన్న చిత్రకారుడు డ్యూరర్ దాన్ని కళ్లారా చూడలేదు. ఎవరో పంపిన వర్ణన, ఒక స్కెచ్ ఆధారంగా చెక్క అచ్చు చేశాడు. అందుకే ఆ జంతువు ఇనుప కవచం తొడుక్కున్నట్టు ఉంటుంది, వీపు మీద లేని కొమ్ము ఒకటి అదనంగా మొలిచింది. అయినా రెండు వందల ఏళ్లకు పైగా యూరప్ మొత్తం ఖడ్గమృగమంటే అదేననుకుంది!

ఎక్కడ మార్చారు?

ఇప్పుడు మీ జాబితానూ జూలో చూసినదాన్నీ పక్కపక్కన పెట్టండి. తేడా ఉన్న ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి. ఈ మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

అందరూ మొదట పట్టుకునేది రంగునే. పట్టుకోగానే చేసే తప్పు కూడా ఒకటే: నీలం అంటే శాంతి, ఎరుపు అంటే కోపం, నలుపు అంటే చావు అని నిఘంటువు తెరుస్తారు. రంగులకు అలా స్థిరమైన అర్థాలుండవు. ఒక్కో సంప్రదాయానికి ఒక్కో లెక్క. దూరం ఎందుకు, మన శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. అక్కడ సాధారణంగా దేవుళ్లకు నీలం, స్త్రీ పాత్రలకు పసుపు, రాక్షసులకు ఎరుపు. ఆ గుడ్డ ముందు నిలబడి 'రాముడు నీలంగా ఉన్నాడేంటి' అని మనం ఎవరం అడగం. చిరుత దగ్గరికొచ్చేసరికే అడుగుతాం.

జర్మనీ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ కూడా తనకంటూ ఒక రంగుల లెక్క పెట్టుకున్నాడు. 1910 డిసెంబరులో స్నేహితుడు మాకెకు రాసిన ఉత్తరంలో నీలం పురుషతత్వం, కఠినం, ఆధ్యాత్మికం అనీ, పసుపు స్త్రీతత్వం, మృదువు, ఉల్లాసం అనీ, ఎరుపు బరువైన పదార్థమనీ చెప్పాడు. మరుసటేడే నీలం గుర్రాలు వేశాడు. సరే, లెక్క కుదిరింది. కానీ 1912లో పులిని వేసినప్పుడు దాన్ని పసుపు రంగులో వేశాడు. ఆ బొమ్మ మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది, ఫోన్‌లో వెతికితే కనబడుతుంది. తల వెనక్కి తిప్పి, ఏ క్షణంలోనైనా లేచేలా ఒళ్లు బిగబట్టిన జంతువు. అందులో మృదుత్వం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి చూద్దాం! కాబట్టి చిత్రకారుడే తాళంచెవి ఇచ్చినా, అన్ని తలుపులకూ అదే పెట్టి తిప్పొద్దు.

మరి రంగును ఎలా చదవాలి? పక్కనున్న రంగుతో కలిపి చదవాలి. మార్క్ పులి చుట్టూ ఉన్న రాళ్లూ ఆకులూ కోణాలు కోణాలుగా విరిగి ఉంటాయి, పులి ఒళ్లు కూడా అవే కోణాలతో కట్టినట్టు ఉంటుంది. పసుపు రంగే లేకపోతే అది ఆ రాళ్లలో కలిసిపోయి మనకు కనబడేదే కాదు. అంటే అక్కడ పసుపు చేస్తున్న పని దాక్కున్నదాన్ని పట్టివ్వడం. నీలం చిరుతకు ఇదే పరీక్ష పెట్టాను. వెనకంతా బురద పసుపు, అంటే వెలుతురు చచ్చిపోయిన పసుపు. సాయంత్రం వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందు నల్లబడిపోతుంది, నీలం ఇంకాసేపు కనబడుతుంది. మసక చీకట్లో మేడ మీద ఎర్రచీర, నీలం చీర ఆరేసి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ లెక్కన ఇది పగటి చిరుతకు నీలం పూయడం కాదు. పొద్దుగుంకాక చిరుత కంటపడే తీరు అది. శాంతితోనూ దైవత్వంతోనూ దీనికి పని లేదు.

రంగు తర్వాత, లేనివాటిని చూడండి. పంజాలు లేవు. చిరుతను భయపెట్టేలా వేయాలనుకున్నవాళ్లు మొదట వేసేది పంజాలూ కోరలే. ఇక్కడ రెండూ లేవు. తోక ఫ్రేమ్ బయటికి పోయింది, అంటే ఈ జంతువు బొమ్మలో పూర్తిగా లేదు; ఇంకా వస్తోంది, లేదా దాటి పోతోంది. ఒక కన్ను అంత శ్రద్ధగా వేసి రెండోది గీతతో వదిలేయడం కూడా తేడానే. దాని గురించి నేను ఏదీ గట్టిగా చెప్పలేకపోయాను. అలా మిగిలిపోయేవి ఉంటాయి, ఉండనివ్వండి. అన్నిటికీ అర్థం చెప్పేసేవాళ్లను నేను నమ్మను.

టార్చి వేసి చూడండి

ఇది సొంత ఇంట్లో బొమ్మకే కుదురుతుంది, మ్యూజియంలో చేస్తే గార్డు బయటికి పంపిస్తాడు. లైట్లు ఆపి, ఫోన్ టార్చిని ఫ్రేమ్ పక్కన పెట్టి, కాన్వాస్ మీదుగా ఏటవాలుగా వెలుతురు పారేలా పట్టుకోండి. రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ బ్రష్ వేగంగా పోయిందో, ఎక్కడ ఆగి ఆగి వేశారో నీడలు పట్టిస్తాయి. పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే చదును కత్తితో) పూసినచోట రంగు దోసె మీద వెన్నలా గట్లు కట్టి ఉంటుంది. పలచగా నీళ్లు కలిపి వేసినచోట బట్ట నేత కనబడుతుంది.

నీలం చిరుత వీపు మీద గీత ఒకే ఊపులో వెళ్లింది, తడబాటు లేదు. తల దగ్గర మాత్రం అలా కాదు. నిటారు చెవుల పక్కనే, పసుపు రంగు కింద మరో జత చెవుల గట్లు బయటపడ్డాయి. అవి వెనక్కి, తలకు అంటుకుని ఉన్నాయి. అంటే వేసినావిడ (మూలన పొడి అక్షరాలే ఉన్నాయి, ఒక అమ్మాయి వేసిందని మాత్రం తమ్ముడు చెప్పాడు) మొదట మీదికి వచ్చే చిరుతను వేసి, తర్వాత దాన్ని కప్పేసి, చెవులు రిక్కించిన చిరుతను చేసిందన్నమాట. ఇంత గట్టి సాక్ష్యం మామూలుగా దొరకదు. కోపం వద్దనుకుని, ఆలకించడం కావాలనుకుంది. కాళహస్తి కలంకారీ పనిలో ఇలా మార్చుకునే వీలుండదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కసిం నలుపుతో (తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే రంగుతో) కలం గీత పడిందంటే పడిందే. కాన్వాస్ మీద మనసు మార్చుకోవచ్చు, మార్చుకున్న గుర్తు కూడా మిగులుతుంది.

బొమ్మ ముందు మీరెక్కడున్నారు?

జంతువు కంటి ఎత్తు మీ కంటికి పైనా, కిందా, సమానమా? అది మిమ్మల్ని చూస్తోందా, మీ పక్కన దేన్నో చూస్తోందా? మీరు దానికి ఎంత దూరంలో ఉన్నట్టు వేశారు? వీటికి జవాబు చెప్పుకుంటే ఆ బొమ్మలో మీకిచ్చిన వేషం ఏమిటో తెలుస్తుంది. వేటగాడా, ఆహారమా, టికెట్ కొన్న సందర్శకుడా, లేక ఇంకో జంతువా? మార్క్ కైతే ఈ చివరిదే కావాలి. జంతువు మనకు ఎలా కనబడుతుందన్నది కాదు, జంతువుకు లోకం ఎలా కనబడుతుందో వేయాలన్నది అతని పట్టుదల.

ఇక్కడే మీ ఊరు కూడా బొమ్మలోకి వచ్చేస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున టమోటా వేసుకున్న రైతుకు ఏనుగు బొమ్మ చూపించండి, రాత్రి కాపలా గుర్తొస్తుంది. శ్రీకాళహస్తిలో పుట్టినవాళ్లకు చూపించండి. సాలెపురుగు, పాము, ఏనుగు శివుడిని కొలిచిన కథ ఊరి పేరులోనే ఉంది కాబట్టి చేతులు జోడిస్తారు. ఇద్దరిదీ తప్పు కాదు, కానీ ఇద్దరూ ఇంకా బొమ్మను చూడలేదు. తిరుపతిలో చిరుతకు ఇదే ఇబ్బంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. ఆ తర్వాత నడిచి వెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చారు, పిల్లలతో వెళ్లేవాళ్లకు వేళలు పెట్టారు. ఆ వార్త మోసుకుని చూస్తే ఈ ఊళ్లో ఏ చిరుత బొమ్మైనా ముందు భయమే. ఆ భయాన్ని దాచిపెట్టొద్దు, మడిచిన చీటీ పక్కన ఇంకో చీటీ మీద రాసి పెట్టండి. అది మీది, బొమ్మది కాదు.

పేరూ చరిత్రా చివరికి

ఇప్పుడు కింద చీటీ చదవొచ్చు. పేరు కొన్నిసార్లు చిక్కు విప్పుతుంది, కొన్నిసార్లు ఇంకో ముడి వేస్తుంది. హెన్రీ రూసో 1891లో తుపాను గాలిలో పులిని వేశాడు, ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దానికి పెట్టిన పేరుకు 'ఉలిక్కిపడింది!' అని అర్థం. ఎవరు ఉలిక్కిపడ్డారు? మెరుపుకు పులా, పులిని చూసి ఫ్రేమ్ బయట ఉన్న ఇంకెవరైనానా? పేరు చదివాక బొమ్మ ముందు మరో పది నిమిషాలు పడుతుంది. రూసో ఫ్రాన్స్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు, అడవి మొక్కలను పారిస్ తోటల్లోనే చూశాడు. అది తెలిశాక ఆ ఆకులు కుండీల్లో మొక్కల్లా ఎందుకున్నాయో అర్థమవుతుంది. అయితే జీవితకథను వెనక నుంచి ముందుకు చదవొద్దు. మార్క్ 1916లో వెర్డన్ యుద్ధంలో చనిపోయాడు. అంతమాత్రాన 1912 నాటి పులిలో ఆ చావును వెతకడం దబాయింపే అవుతుంది.

నీలం చిరుతకు పేరు లేదు. ఫ్రేమ్ దించి వెనక చూస్తే పెన్సిల్‌తో 'సెప్టెంబర్ 2023' అని ఉంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ ఆగస్టు తర్వాతి నెల. కానీ రూలు నేనే పెట్టాను కదా, ఆ సంఘటనను బొమ్మలో ఎక్కడ చూపించను? చిరుత, కింద గడ్డీ పూలూ తప్ప నాకేమీ కనబడలేదు. అందుకే ఆ సంగతి రాయకుండా వదిలేశాను.

నాలుగు వాక్యాల్లో రాయండి

ఇంత చూశాక మనసులో ఉన్నది జారిపోకముందే రాయాలి. ఏముంది, ఏది మారింది, మార్చడం వల్ల ఏమవుతోంది, ఏది తెలియలేదు: ఒక్కోదానికి ఒక్కో వాక్యం చాలు. నేను రాసింది ఇది: 'మసక చీకట్లో అడవిలో ఒక చిరుత ఆగి మన వైపు చూస్తోంది. పంజాలు, కోరలు తీసేశారు, కోపం చెవులను కప్పేసి ఆలకించే చెవులు పెట్టారు. దాంతో అది మనల్ని భయపెట్టేదిగా కాక, మన చప్పుడుకు ఆగిపోయినదిగా కనబడుతోంది. రెండో కన్ను ఎందుకలా వదిలేశారో తెలియలేదు.' మొదటి చీటీ విప్పితే 'ఒంటరి' అని ఉంది. మీ చీటీ కూడా ఇప్పుడే విప్పండి. సరిపోతే సరే, సరిపోకపోతే ఎక్కడ మనసు మారిందో జాబితాలో వెతకండి. నాది సరిపోలేదు. ఆ చిరుత ఒంటరిగా లేదు, దాని ఎదురుగా ఎవరో ఉన్నారు.

రాసింది ఇంకొకరికి చదివి వినిపించడం మాత్రం మానొద్దు. బొమ్మల గురించి ఏమీ తెలియదనే మనిషైతే ఇంకా మంచిది. నేను పిన్నికి చదివాను. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, అంతా విని, బొమ్మ దగ్గరికి నడిచింది.

"అడివి యాడుందిరా ఇందులో?" అంది.

కింద గడ్డి ఉంది కదా పిన్నీ అన్నాను.

ఆ మూడు బూడిద పట్టీల మీద వేలు పెట్టింది. ఏటా అలిపిరి నుంచి ఆ దాదాపు 3,550 మెట్లూ ఎక్కే మనిషి. ఒక్కో మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకం పెట్టి, మెట్ల పూజ రెండుసార్లు చేసిన చెయ్యి.

"గడ్డికి ఎవురైనా బొట్టు పెడతారా? ఇవి మెట్లు. పసుపు, కుంకం కనపళ్లేదా నీకు? అది పైన ఉండాది, మనం కిందుండాం. రాసింది కొట్టేసి మళ్లీ రాయి."